గవదలకు వేసిన గొలుసు

కెంపమ్మ తన కోడలితో ఎన్నడూ పోట్లాడలేదు. మాట్లాడలేదు, అంతే. తమిళనాడులో హోసూరు దగ్గరి బేరిగై ఊరి చివరన, మల్బరీ తోటను ఆనుకొని ఉన్న ఆ ఇంట్లో ఏడేళ్ళుగా అత్త మాట కోడలిని నేరుగా చేరింది లేదు. పవిత్ర కాపురానికి వచ్చిన కొత్తలో, చెప్పవలసినదంతా కెంపమ్మ ఆవుకు చెప్పేది. “ఎండ ఎక్కుతా ఉండాది. ఎవురన్నా పోయి ఆకు కోసుకోని వస్తే పురుగులకు బాగుండును” అని పశువు మెడ నిమురుతూ అనేది. పవిత్ర కొడవలి తీసుకొని తోటలోకి నడిచేది. రక్షిత పుట్టి మాటలు నేర్చిన తరువాత ఆవుకు ఆ భారం తప్పింది.

“పాపా, మీ అమ్మను సంగటి కెలకమను.”

“అమ్మా, సంగటి కెలకాలంట.”

అత్తకూ కోడలికీ మధ్య అప్పుడు గోడ కూడా ఉండేది కాదు. పొరుగింటి మారక్క ఒకసారి నవ్వు ఆపుకోలేక అడిగింది: “కెంపక్కా, బిడ్డ బడికి పోయినప్పుడు ఏం చేస్తావు? మళ్ళీ ఆవును పిలుస్తావా?”

“నా ఆవు, నా ఇష్టం” అంది కెంపమ్మ.

కారణం పెద్దదేమీ కాదు. పెద్దది కాకపోవడం వల్లనే అది తీరకుండా మిగిలింది. తమ్ముని కూతురిని కోడలిగా తెచ్చుకోవాలని ఆమె అనుకున్నది. కొడుకు శశికుమార్ పట్టుగూళ్ళు అమ్మడానికి కృష్ణగిరికి పోతూ వస్తూ, దారిలోని కుందారపల్లిలో పవిత్రను చూశాడు. ఆమెనే చేసుకుంటానన్నాడు, చేసుకున్నాడు. తమ్ముడు ఆ తరువాత అక్క ఇంటికి రాలేదు. కెంపమ్మ కొడుకును క్షమించింది. కన్నవాళ్ళకు అది తప్ప వేరే దారి ఉండదు. కోడలి విషయంలో ఆమెకు వేరే దారి ఉండింది.

కోపాన్ని మనిషి ఓర్చుకోగలడు. కోపగించేవారు కనీసం మన వైపు చూస్తారు. ఉండి కూడా లేనట్టు బతకడానికి మరొక రకమైన ఓర్పు కావాలి. పవిత్ర ఆ ఓర్పును అలవాటుగా మార్చుకున్నది. అలవాటైనదాన్ని బాధ అనుకోవడం మానేసింది. అయితే మానేసినంత మాత్రాన అది లేకుండా పోదు.

తొంభై ఎనిమిదో సంవత్సరం వానలు మొదలైన రోజుల్లో ఆమెకు పన్ను నొప్పి వచ్చింది. కింది దవడలో, కుడివైపు, చివరి పన్ను. దాని నడుమ నల్లని గుంట పడి చాలా కాలమైంది. నొప్పి వచ్చేది, పోయేది. పోయినప్పుడు ఇక రాదనిపించేది. వచ్చినప్పుడు ఆమె పంటి కింద లవంగం నొక్కిపెట్టుకొని పని చేసుకొనేది.

“పాపా, ఆ లవంగాల వాసన పురుగుల గదిలోకి తేవద్దని చెప్పు మీ అమ్మకు. పురుగులు మేత ముట్టవు.”

అది కెంపమ్మ కల్పించిన మాట కాదు. పట్టుపురుగులు ఘాటు వాసనకు ఓర్చవు. పొగాకు నమిలే కూలిమనిషిని సైతం ఆ గది వాకిలి దాటనిచ్చేవారు కారు. పవిత్ర లవంగం ఉమ్మేసి, నోరు కడుక్కొని, పురుగులకు ఆకు వేసింది.

“హోసూర్లో పన్ను డాక్టరు ఉండాడు. రేపు పొద్దున్నే పోయి వస్తాం, రా” అన్నాడు శశికుమార్.

“పురుగులు ఆఖరు మేతలో ఉండాయి. నేనొస్తే ఆకు ఎవురేస్తారు? గూళ్ళు కట్టినాక పోదాంలేప్పా.”

“అంతవరకూ ఆగాలని నీ పన్నుకు తెలుసునా?”

“నేను చెప్తాలే దానికి. మీ అమ్మ ఆవుకు చెప్పినట్ల.”

ఇద్దరూ గొంతు తగ్గించి నవ్వుకున్నారు.

పురుగులు పండి పసుపు రంగుకు తిరిగాయి. వాటిని ఏరి, గూళ్ళు కట్టడానికి చంద్రికల మీద, అంటే చుట్టలు తిరిగిన వెదురు తడికల మీద, వదిలారు. ఆ మరునాటి ఉదయం పవిత్ర నిద్ర లేచి, కొంతసేపు కదలకుండా కూర్చున్నది. నొప్పి లేదు. నాలుకతో పన్నును తాకి చూసింది. అది ఎవరిదో పన్నులాగా మొద్దుగా ఉంది. ఆమె లోలోపల సంతోషించింది. మధ్యాహ్నానికి దవడ కింద గట్టిగా ఒక వాపు తేలింది. ఒంట్లో కాక మొదలైంది.

ఆ వారం రక్షిత చదివే బడిలో నలుగురైదుగురు పిల్లలకు గవదబిళ్ళలు లేచాయి. ఆ పక్క తమిళ ఇళ్ళలోనూ ఈ పక్క తెలుగు ఇళ్ళలోనూ దానికి చేసేది ఒకటే. జబ్బుపడిన బిడ్డ మెడలో బంగారు గొలుసు వేస్తారు. బంగారం తగులుతూ ఉంటే వాపు దానంతట అదే దిగుతుందని నమ్మకం. సూది వేయించరాదు, వేయిస్తే లోపలికి పోతుందంటారు. గవదలు వారం పది రోజుల్లో ఎలాగూ తగ్గే జబ్బు కనుక బంగారానికి ఎప్పుడూ చెడ్డపేరు రాలేదు.

వాకిట్లో ఆకు కాడలు ఊడుస్తున్న పవిత్ర ముఖాన్ని కెంపమ్మ దూరం నుండి చూసింది. చీపురు ఆగేదాకా చూసింది. చుట్టూ ఎవరూ లేరు. రక్షిత బడిలో ఉంది, ఆవు మేతకు పోయింది. కెంపమ్మ దగ్గరికి వచ్చి, కోడలి గడ్డం పట్టుకొని వెలుతురు వైపు తిప్పింది.

“గవదలు. నీకు చిన్నప్పుడు లేసినాయా?”

నీకు. ఏడేళ్ళలో ఆ మాట మొదటిసారి వినబడింది. పవిత్ర ఆ వేళ్ళ కింద ఊపిరి బిగబట్టి నిలబడింది. చిన్నప్పుడు కుందారపల్లిలో ఆమెకు గవదలు లేచాయి. తల్లి తన చెవికమ్మలు తీసి దారానికి గుచ్చి ఆమె మెడలో కట్టింది. అన్న వెంకటేశులు ఎగతాళి చేస్తే వాడి వెంట పరుగెత్తింది. అంతా గుర్తుంది. ఒకసారి వచ్చిన గవదలు మళ్ళీ రావని కూడా అందరిలాగే ఆమెకూ తెలుసు. అవునంటే ఆ చేయి గడ్డాన్ని వదిలేస్తుంది.

“లేదత్తా” అంది.

మనిషి కావాలని చెప్పే అబద్ధాలు తక్కువ. తక్కినవి, చేతిలోకి వచ్చినదాన్ని జారనివ్వకుండా పట్టుకోవడానికి నోటి నుండి వాటంతట అవే వస్తాయి. పన్ను నొప్పి నిజంగానే పోయింది కనుక, ఇది వేరే ఏదో కావచ్చునని ఆమె తనకు తాను కూడా చెప్పుకున్నది.

కెంపమ్మ తన మెడలోని గొలుసు తీసింది. అది ఆమె తల్లిది; రక్షిత నామకరణానికి కూడా దిగని గొలుసు. దాన్ని కోడలి మెడలో వేసి, వాపుకు తగిలేలా సర్దింది.

“పో, పండుకో. ఇంటి పని నేను చూసుకుంటా. పోమ్మా.”

ఆ మధ్యాహ్నం కెంపమ్మ రాగి అంబలి కాచి తెచ్చింది. గిన్నె చేతికి ఇవ్వలేదు. పక్కన కూర్చొని చెంచాతో పోసింది. పసుపూ వేపాకూ నూరి దవడకు పట్టించింది. పట్టిస్తూ తన చిన్నతనం గురించి, చచ్చిపోయిన అక్క గురించి, ఎవరికీ చెప్పని సంగతులు చెప్పింది. ఏడేళ్ళు నిలవ ఉన్న మాటలు ఒక వరుస లేకుండా వచ్చాయి. మారక్క గడపలో నిలబడి చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది.

“ఏం కెంపక్కా, ఆవు అలిగిందా ఏంది?”

“పోవే నీయమ్మ! మనిషి జబ్బులో ఉంటే నీకు ఎగతాళి.”

పవిత్ర నవ్వబోయింది. నోరు సగమే తెరుచుకున్నది.

మరునాటి సాయంత్రం శశికుమార్ కృష్ణగిరి నుండి వచ్చాడు. అటక మీద మిగిలిన, చిల్లులు పడ్డ పాత గూళ్ళు అమ్మడానికి వెళ్ళి ఒక రాత్రి అక్కడే ఉండవలసి వచ్చింది. భార్య మెడలో తల్లి గొలుసు చూసి ఆగిపోయాడు. వాపు రెండోవైపుకు కూడా పాకి, గడ్డం కింద అంతా ఒకటిగా నిండింది.

“ఏంది ఇది? పన్నుదేనా?”

“పన్ను నొప్పి ఆగిపోయింది” అంది పవిత్ర. మాట ముద్దగా వచ్చింది. “ఇవి గవదలు. అత్త చూసింది.”

“నీకు చిన్నప్పుడు రాలేదా?”

ఆమె అతని చేయి పట్టుకొని, వంటింటి వైపు చూపించింది. అక్కడ కెంపమ్మ అంబలి కలుపుతూ, ఉప్పు సరిపోయిందో లేదో నాలుక మీద వేసుకొని చూస్తున్నది.

“రెండు దినాలు ఉండనీప్పా” అంది పవిత్ర.

అతనికి అర్థమైంది. అర్థమైనదంతా చిన్న విషయంగానే కనిపించింది. పంటి వల్ల మనిషికి ఏమవుతుంది? మహా అయితే పన్ను పోతుంది. అయినా మనసు ఒప్పక, తల్లి దగ్గరికి పోయి హోసూరు ఆసుపత్రి మాట ఎత్తాడు.

“ఆడికి పోతే సూది గుచ్చుతారు” అంది కెంపమ్మ. “గవదలకు సూదా? నీకు లేసినప్పుడు నేను యాడికి తీసుకపోయినాను? బాగుండావు కదా, చెట్టంత. నా కోడలిని నేను చూసుకుంటా, నువ్వు పో.”

నా కోడలు. ఆ రెండు మాటలూ పక్కగదిలోకి వినబడ్డాయి. పవిత్ర కళ్ళు మూసుకున్నది.

తెల్లవారేసరికి ఆమె పడుకోలేకపోయింది. లేచి కూర్చొని, ముందుకు వంగి, చేతులు మంచం మీద ఊని ఊపిరి తీస్తున్నది. నాలుక పైకి లేచి అంగిటికి ఆనుకున్నది. ఉమ్మి మింగలేక పెదవుల మూల నుండి కారుతున్నది. మెడ తాకితే చెక్కలా ఉంది. కెంపమ్మ తెచ్చిన అంబలి లోపలికి పోలేదు. ఆ వాపులో బంగారానికి లొంగనిది ఏదో ఉందని అత్తకు అప్పుడు తెలిసింది.

“శశీ, బండి పిలువురా. పిలువు!”

టమేటాలు తీసుకపోయే వ్యాను దొరికింది. హోసూరు దాకా కెంపమ్మ కోడలి వీపును తన రొమ్ముకు ఆనించుకొని కూర్చున్నది. గుంతలు వచ్చిన చోటల్లా, “ఐపోయిందమ్మా, వచ్చేసినాం, ఇదో వచ్చేసినాం” అంటూనే ఉంది.

ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ పవిత్రను చూసి, గొంతు పెంచి నర్సును పిలిచింది. తరువాత అడిగింది: “ఎన్నాళ్ళుగా ఉంది ఈ వాపు?”

“మొన్న లేసినాయమ్మా, గవదలు” అంది కెంపమ్మ.

“గవదలు కాదు.” డాక్టరమ్మ పవిత్ర ముఖంలోకి చూసింది. “పన్ను ఏమన్నా నొప్పి పెట్టిందా అమ్మా, ఇంతకుముందు?”

పవిత్రకు మాట రావడం లేదు. తల ఊపితే ఊపిరి తెగుతున్నది. ఆమె చూపుడువేలు ఎత్తి, కుడి దవడ చివర ఉంచింది. ఉంచి, డాక్టరు వైపు కాక, అత్త వైపు చూసింది. ఆ చూపులో భయం ఉంది. దానికంటే ఎక్కువగా, దొంగతనం బయటపడిన బిడ్డ ముఖంలో ఉండేది ఉంది.

డాక్టరమ్మ శశికుమార్‌ను పక్కకు పిలిచి చెప్పింది. పుచ్చిన పంటి వేరు కింద చీము పట్టింది. అది ఎముకలో బిగుసుకొని ఉన్నంతకాలం నొప్పి. నొప్పి ఆగిన రోజున అది తగ్గలేదు. బయటికి దారి చేసుకున్నది. నాలుక కిందికీ, గొంతు చుట్టూ పాకింది. అక్కడి నుండి రొమ్ములోకి దిగుతుంది, నెత్తురులో కలుస్తుంది. “ముందు ఊపిరికి దారి చేయాలి. గొంతు దగ్గర కోసి గొట్టం పెడతాం. ఆ తరువాత బెంగళూరుకు పంపిస్తాం. నొప్పిగా ఉన్నప్పుడే పన్ను తీయించి ఉంటే...” అని ఆగి, మిగతాది చెప్పకుండా వెళ్ళిపోయింది.

“పన్నుకా?” అన్నాడు శశికుమార్, డాక్టరమ్మ నిలబడి వెళ్ళిన ఖాళీ చోటుతో. “పన్నుకా ఇదంతా?”

నర్సు పవిత్ర మెడలోని గొలుసు తీసి కెంపమ్మ అరచేతిలో పెట్టింది. గొంతులో గొట్టం ఉన్న మనిషికి మాట ఉండదు. కనుక హోసూరులో గానీ, తరువాత బెంగళూరులో గానీ, పవిత్ర ఎవరికీ ఏమీ చెప్పలేదు. బెంగళూరులో మెడకు రెండువైపులా కోసి చీము తీశారు, పన్ను పీకారు. అంత చిన్న పన్నును పళ్ళెంలో చూసి శశికుమార్ తల తిప్పుకున్నాడు. అప్పటికే చీము రొమ్ములోకి దిగింది. మూత్రం ఆగింది. జ్వరం ఎక్కడమే తప్ప దిగడం లేదు. ఒకనాటి మధ్యాహ్నం, సందర్శకులను లోపలికి వదిలే వేళకు కొంచెం ముందు, ఆమె పోయింది.

చెల్లెలు ప్రమాదంలో ఉందని తెలిసి కుందారపల్లి నుండి బయలుదేరిన వెంకటేశులు వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆసుపత్రి మెట్ల మీద కూలబడి ఏడ్చాడు. కొంతసేపటికి, ఏమైందో చెప్పమని అడిగాడు. కెంపమ్మ చెప్పింది. గవదలనుకున్నాననీ, గొలుసు వేశాననీ, ఏదీ దాచకుండా చెప్పింది.

“దానికి గవదలేంది అత్తా?” అన్నాడు వెంకటేశులు ముఖం ఎత్తి. “చిన్నప్పుడే లేసినాయి కదా. మా అమ్మ కమ్మలు కట్టింది. నన్ను రాయి తీసుకోని తరిమింది అప్పుడు. అది మీకు చెప్పలేదా?”

కెంపమ్మ పక్క మెట్టు మీద కూర్చున్నది.

పదకొండో రోజు కర్మలు ముగిసి బంధువులు వెళ్ళిపోయిన తరువాత, పురుగుల గదిలో ఖాళీ తట్టలు కడుగుతున్న కొడుకు దగ్గరికి ఆమె వచ్చింది.

“నేను అడిగినాను రా. లేసినాయా అని నేరుగా అడిగినాను. లేదనింది. ఎందుకట్ల చెప్పింది?”

శశికుమార్ తట్ట కడగడం ఆపలేదు. అతని గొంతులో నింద లేదు. నిందించే శక్తి అతనిలో మిగలలేదు.

“నువ్వు అడిగినావు కదమ్మా, అందుకని.”

ఆమె గోడకు ఆనుకొని నిలబడింది. ఒకరి నొప్పి మరొకరికి కనిపించదు. వాళ్ళు చెప్పిన మాటగానే అందుతుంది. ఆ మాటను నమ్మడానికి ఎదుటి మనిషి మనతో నిజం చెప్పగలిగిన స్థితిలో ఉండాలి. కెంపమ్మకు ఈ విషయం ఇలా మాటల్లో తోచలేదు. ఆకలిగా ఉందా అని ఆ ఏడేళ్ళలో తాను ఒక్కసారి అడిగి ఉంటే, గవదలు లేచాయా అన్న ప్రశ్నకు జవాబు వేరుగా ఉండేదని మాత్రం తోచింది. తోచినది ఇక పోలేదు.

తరువాతి పంటకు వాళ్ళు మళ్ళీ పురుగులు తెచ్చారు. తేకుంటే గడవదు. చలి మొదలైన ఒక ఉదయం రక్షిత తల నొప్పిగా ఉందని బడికి పోలేదు. కెంపమ్మ నుదురు తాకి చూసింది, వేడి లేదు. నోరు తెరవమని ఒక్కొక్క పన్నూ వేలితో నొక్కి చూసింది. ఏమీ లేదు. పక్కన కూర్చొని తల ఒత్తింది.

“ఎట్లుండాది?”

“నొప్పిగానే ఉండాది అవ్వా.”

కొంతసేపటికి మళ్ళీ అడిగింది.

“ఇంకా ఉండాది” అంది రక్షిత, కళ్ళు సగం తెరిచి, అవ్వ లేస్తుందేమోనని చూస్తూ.

కెంపమ్మ చేయి ఆగింది. ఆ చూపును ఆమె ఎరుగును. తరువాత, చిన్నపిల్లతో మాట్లాడుతున్నట్టుగా కాక, తోటి మనిషితో మాట్లాడుతున్నట్టుగా అంది:

“పాపా, నొప్పి లేకపోయినా నేను ఈడనే కూర్చోనుంటా. పోను. ఇప్పుడు చెప్పు.”

రక్షిత ఆలోచించింది. అవ్వ ముఖాన్ని, కొలిచినట్టు, అటూ ఇటూ చూసింది.

“తలనొప్పి లేదు” అంది చివరకు. “కాలు రవంత నొప్పిగా ఉండాది.”

“యాడ?”

“ఈడ.”

బయట నుండి శశికుమార్ పిలుస్తున్నాడు. పురుగులకు మేత వేళ దాటుతున్నది. కెంపమ్మ ఆ కాలును ఒడిలోకి తీసుకొని, బిడ్డ చూపించిన చోట చేయి ఉంచింది. లేవలేదు.